కంటి వెనక నల్లమచ్చ: ఫోటో తీసిన కళ్లజోళ్ల షాపు, అర్థం చెప్పిన రెటీనా క్లినిక్

కళ్లజోడు నంబరు చూపించుకుందామని వెళ్లి, "మేడమ్, మీ కంటి వెనకాల నల్లమచ్చ కనిపిస్తోంది" అనే మాట మోసుకుని ఇంటికి వచ్చినవాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నాను. రెండు చోట్ల గురించి చెబుతాను. ఒకటి గుంటూరులో మేం ఎప్పటినుంచో వెళ్తున్న కళ్లజోళ్ల షాపు, అక్కడ ఫోటో తీశారు. రెండోది విజయవాడలో ఒక రెటీనా క్లినిక్ (రెటీనా అంటే కంటి వెనకుండే తెర), అక్కడ ఆ ఫోటోకి అర్థం చెప్పారు. రెండింటి పేర్లూ రాయడం లేదు. ఏ ఊళ్లో, ఏ బోర్డు కింద ఈ సర్వీసు తీసుకున్నా ఏం అడగాలి, ఇచ్చిన డబ్బుకి చేతిలోకి ఏం తెచ్చుకోవాలి అన్నదే నాకు ముఖ్యం. ఒక్క ముక్క ముందే చెప్పేస్తాను: ఈ మచ్చ విషయంలో దేనికైనా డబ్బు పెట్టాలి అంటే అది ఈరోజు మచ్చ ఎంతుందో చూపించే మంచి ఫోటోకీ, దాని కొలతలకీ పెట్టాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు షాపు సంగతి. నలభై దాటాక దగ్గర అక్షరాలు అలుక్కుపోతుంటాయి కదా, పిల్లల నోట్సులు దిద్దడం కష్టంగా ఉందని రీడింగ్ నంబరు చూపించుకోవడానికి వెళ్లాను. నంబరు బాగానే చూశారు, ఆ అబ్బాయి ఓపికగా ఒక్కో లెన్సూ మార్చి మార్చి చూపించాడు, దానికి వంక పెట్టను. ఆ తర్వాత "కొత్త మెషిన్ వచ్చింది మేడమ్, రెటీనా ఫోటో ఫ్రీ, రెండు నిమిషాల పని" అన్నాడు. పాప పెద్దది చేసే చుక్కలు వెయ్యక్కర్లేదట. గడ్డం ఆనించి కూర్చుంటే తళుక్కుమని లైటు వెలిగింది, ఫోటో స్క్రీన్ మీదికి వచ్చింది. మన కంటి లోపలి గోడ అంత ఎర్రగా, నారింజ రంగులో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక పక్క పసుపు రంగులో గుండ్రంగా నరం మొదలయ్యే చోటు, దాన్నుంచి చెట్టు కొమ్మల్లా పైకీ కిందికీ పాకిన రక్తనాళాలు, ఆ కింది కొమ్మకి కాస్త దిగువన బూడిద రంగు కలిసిన నలుపులో ఒక మచ్చ. అంచులు కొంచెం మసక మసకగా ఉన్నాయి. కుడి కంటి ఫోటోలో అలాంటిదేమీ లేదు.

ఇంతవరకు షాపు చేసింది నిజంగా మేలే. ఆ ఫోటో తియ్యకపోతే మచ్చ ఉందని నాకు తెలిసేదే కాదు, ఎందుకంటే చూపులో ఏ తేడా లేదు, నొప్పి లేదు, ఎరుపు లేదు. చెడిందల్లా ఆ తర్వాతి మాటల్లో. ఆ అబ్బాయి ఫోటో పెద్దది చేసి చూసి, పక్కనున్న ఇంకో అబ్బాయిని పిలిచి, ఇద్దరూ గుసగుసలాడుకుని, "మేడమ్, అర్జంటుగా పెద్ద డాక్టర్‌కి చూపించండి, ఇలాంటివి ఒక్కోసారి క్యాన్సర్ కూడా అవుతాయి, లేట్ చెయ్యకండి" అన్నాడు. చుట్టూ ఫ్రేములు చూసుకుంటున్న జనం. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎక్కడికి వెళ్లాలి, ఏ డాక్టరుని అడగాలి, రేపే వెళ్లాలా, వచ్చే నెల వెళ్లినా పరవాలేదా అని అడిగితే ఏ ఒక్కదానికీ జవాబు లేదు. ఫోటో వాట్సాప్‌లో పంపారు, కొత్త కళ్లజోడుకి అడ్వాన్సు కట్టించుకున్నారు, అంతే.

డాక్టరుకి చూపించమనడం తప్పు కాదు, అది చెప్పి తీరాల్సిందే. కానీ మెషిన్ పెట్టుకున్న ప్రతి షాపూ ఆ మెషిన్‌లో మామూలుగా ఏమేం బయటపడతాయో, ఒక్కోదానికి ఏం చెప్పాలో తమ దగ్గర పనిచేసేవాళ్లకి నేర్పించాలి. "ఇది కంట్లో పుట్టుమచ్చలాంటిది కావచ్చు, చాలావరకు ఏమీ కాదు, అయినా కొన్ని వారాల్లో రెటీనా డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, చూపు మసకబారినా మెరుపులు కనిపించినా మాత్రం వెంటనే వెళ్లండి" అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ నాలుగు మాటలకి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. క్యాన్సర్ అన్న మాట ఒక కస్టమరు చెవిలో వేసి, దాని కిందా మీదా ఏమీ చెప్పకుండా పంపించడం మాత్రం సర్వీసు అనిపించుకోదు. తర్వాత ఒకరోజు వెళ్లి మేనేజరుకి ఇదే చెప్పాను. ఆయన విన్నారు, నోట్ చేసుకున్నారు, "అబ్బాయిలకి చెబుతానమ్మా" అన్నారు. చెప్పి ఉంటారనే నమ్ముతున్నాను.

ఆ మధ్య రోజులు ఎలా గడిచాయో కూడా రాయాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు ఆ రోజుల్లోనే ఉండి ఉంటారు. ఇంటర్నెట్‌లో కంట్లో నల్లమచ్చ అని కొడితే మొదట వచ్చేది మెలనోమా, అంటే రంగునిచ్చే కణాల క్యాన్సర్, ఆ వెంటనే కన్ను తీసేయడం, కాలేయానికి పాకడం. రాత్రిపూట అవి చదివితే ఇక నిద్ర ఎక్కడ పడుతుంది. పొద్దున లేవగానే ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండరులో తిథి, నక్షత్రం చదవడం, తర్వాత రెండో కన్ను మూసి అవే అక్షరాలు చదవడం, రెండిటికీ తేడా ఉందా అని పోల్చుకోవడం. గట్టిగా చూసేకొద్దీ తేడా ఉన్నట్టే అనిపిస్తుంది. మా ఆయన "ఏం కాదులే" అని ఒకటే మాట, ఆ మాటకి ఆధారం ఏమిటో ఆయనకీ తెలియదు. అమ్మ ఫోన్లో విని వెంటనే వెంకన్నకి మొక్కుకుంది. మా వదిన మాత్రం "అన్నీ ఆపేసి ముందు అపాయింట్‌మెంట్ తీసుకో, నేను తోడొస్తాను" అంది. ఆ రోజుల్లో నాకు అక్కరకొచ్చిన మాట అదొక్కటే.

ఇక క్లినిక్. ఫోన్ చేసి విషయం చెబితే రిసెప్షన్‌లో అమ్మాయి మొదట అడిగింది, "చూపు తగ్గిందా అండీ, మెరుపులు గానీ నల్లటి తెర గానీ కనిపిస్తోందా?" అని. లేదన్నాను. "అయితే కంగారు పడకండి, ఈ వారంలోనే ఇస్తాను, షాపులో తీసిన ఫోటో ప్రింట్ వద్దు, ఫోన్లో ఒరిజినల్ అలాగే ఉంచండి, డైలేషన్ చేస్తారు, అంటే చుక్కలు వేసి పాప పెద్దది చేస్తారు, కాబట్టి బండి నడుపుకుంటూ రావద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి" అని చెప్పింది. ఇన్ని వివరాలు ఫోన్లోనే చెప్పే చోటు నేను తక్కువగా చూశాను.

వెళ్లాక ముందు ఆప్టోమెట్రిస్టు చూపు చూశారు, కంటి ప్రెషర్ కొలిచారు, షుగరు బీపీ ఉన్నాయా అని అడిగారు, ఇంట్లో ఎవరికైనా కంటి క్యాన్సర్ గానీ చర్మ క్యాన్సర్ గానీ వచ్చిందా అని కూడా అడిగి రాసుకున్నారు. తర్వాత చుక్కలు. మొదటి చుక్క మండుతుంది, చెప్పి వెయ్యడం మంచిపని, చెప్పే వేశారు. మనలాంటి ముదురు గోధుమ రంగు కళ్లకి పాప పెద్దదవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, నాకు మళ్లీ ఒకసారి వెయ్యాల్సి వచ్చింది. అరగంట పైనే కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆ హాల్లో ట్యూబులైట్లు సూటిగా మొహం మీద పడుతున్నాయి, చుక్కలు వేయించుకున్నవాళ్లందరూ కొంగులూ, చేతిరుమాళ్లూ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అక్కడొక మూల లైట్లు తగ్గించి కుర్చీలు వేస్తే ఎంత బాగుంటుందో. క్లినిక్ మీద నా మొదటి ఫిర్యాదు ఇదే.

డాక్టరుగారు పెద్దావిడ, మెత్తగా మాట్లాడతారు. తలకి లైటు కట్టుకుని, చేతిలో గుండ్రటి లెన్సు పట్టుకుని, నన్ను పడుకోబెట్టి "పైకి చూడమ్మా, ఇప్పుడు కుడి పక్కకి, కిందికి, ఇంకా కిందికి" అంటూ రెండు కళ్లూ అన్ని మూలలా చూశారు. మచ్చ ఉన్న కన్నే కాదు, లేని కన్ను కూడా అంతే సేపు చూశారు. ఆ లైటు ఎంత ప్రకాశంగా ఉంటుందంటే కాసేపు అంతా గులాబి రంగులో కనిపిస్తుంది, భయపడక్కర్లేదు, కొన్ని నిమిషాల్లో పోతుంది. తర్వాత మూడు పరీక్షలు చేయించారు: రంగు ఫోటో, ఓసీటీ (రెటీనా పొరల్ని అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్), అల్ట్రాసౌండ్. మూడోది కనురెప్ప మూసి జెల్లీ రాసి పైన పెన్నులాంటిది ఆనిస్తారు, నొప్పేమీ ఉండదు.

ఈ రివ్యూ రాయాలనిపించింది ఆ తర్వాత జరిగిన పావుగంట వల్ల. ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పారు. వదినని కూడా లోపలికి పిలిచి కూర్చోమన్నారు. "దీన్ని కోరాయిడల్ నీవస్ అంటాం. వంటిమీద పుట్టుమచ్చ లేదూ, అలాంటిదే కంటి లోపల. రెటీనా కింద రక్తనాళాల పొర ఒకటి ఉంటుంది, అందులో రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడితే ఇలా కనిపిస్తుంది" అని చెప్పారు. ఆ తర్వాత ఒక్కో లక్షణం వేలు పెట్టి చూపించారు. మచ్చ వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు, 5 దాటితే ఆలోచించాలి. అల్ట్రాసౌండ్‌లో ఎత్తు ఒక మిల్లీమీటరు కూడా లేదు, 2 మిల్లీమీటర్ల కంటే మందంగా ఉంటే ఆలోచించాలి. ఓసీటీలో మచ్చ పైన ఉండే రెటీనా పొర అతుక్కునే ఉంది, కింద నీరు చేరలేదు. పైన నారింజ రంగు పొడిలాంటిది ఉంటే అనుమానించాలి, అది లేదు. చూపు తగ్గలేదు. అల్ట్రాసౌండ్‌లో మచ్చ లోపల బోలుగా కనిపిస్తే కూడా అనుమానించాలి, అలా కనిపించలేదు. మచ్చ మీద అక్కడక్కడా సన్నటి పసుపు చుక్కలు ఉన్నాయి, వాటిని డ్రూసెన్ అంటారట, అవి ఉన్నాయంటే ఈ మచ్చ చాలాకాలంగా కదలకుండా అక్కడే ఉందని అర్థమట.

నేను క్యాన్సరా అని అడగడానికి నోరు పెగల్లేదు, వదినే అడిగేసింది. "కాదమ్మా" అని ముందు ఒక్క మాటలో చెప్పి, తర్వాత వివరించారు. అదీ పద్ధతి. చాలామంది డాక్టర్లు వివరం ముందు చెప్పి అసలు మాట చివరికి ఉంచుతారు, వినేవాళ్లకి ఆ మధ్య మాటలేవీ చెవికెక్కవు. అమెరికాలో నలభై దాటినవాళ్ల కళ్ల ఫోటోలు పెద్ద సంఖ్యలో చూస్తే నూటికి దాదాపు 5 మందిలో ఇలాంటి మచ్చ కనిపించిందనీ, తెల్లవాళ్లలో ఎక్కువ, మన ఆసియావాళ్లలో అంతకంటే తక్కువనీ చెప్పారు. ఇవి క్యాన్సరుగా మారడం అక్కడి తెల్లవాళ్ల లెక్కల ప్రకారమే ఏడాదికి 8,800 మచ్చల్లో ఒకటి. ఇక కంటి మెలనోమా అనేదే మనవాళ్లలో చాలా అరుదు. అంటే ఇంటర్నెట్‌లో నేను అర్ధరాత్రి చదివినవన్నీ ఎక్కువగా లేత రంగు కళ్లున్న దేశాలవాళ్లు వాళ్ల కోసం రాసుకున్నవి. జబ్బు అక్కడ నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు, కానీ దాని లెక్క తెచ్చి యథాతథంగా మనకి అంటించుకోవడం సరికాదు.

అయితే "ఏమీ కాదు, పొండి" అని కూడా పంపెయ్యలేదు. నాకు ఇదే అన్నిటికంటే నచ్చింది. ఒక్క ఫోటో చూసి మచ్చ పెరుగుతోందో లేదో ఎవరూ చెప్పలేరు, పోల్చడానికి ఇంకో ఫోటో కావాలి. కాబట్టి ఆరు నెలల తర్వాత ఒకసారి, అప్పుడు కూడా ఇలాగే ఉంటే ఏడాదికోసారి, అదే మెషిన్ మీద ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తామన్నారు. మందు లేదు, చుక్కలు లేవు, ఆపరేషన్ లేదు, పథ్యం లేదు. క్యారెట్లు తినాలా అని అడిగాను, "తినమ్మా, మంచివే, కానీ దీనికోసం కాదు" అన్నారు. మొబైల్ చూడటం వల్ల వచ్చిందా అంటే కాదన్నారు. పిల్లలకి వస్తుందా అని అడిగితే, దీనికోసమని పిల్లల్ని తీసుకురానక్కర్లేదు, మామూలుగా చేయించే కంటి పరీక్షలు చేయిస్తే చాలన్నారు.

కంటి వెనక కనిపించే నల్లమచ్చలన్నీ ఇదే కాదు, ఆ సంగతీ అక్కడే తెలిసింది. కొందరికి బాగా నల్లగా, చదునుగా, గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో ఒక మచ్చ ఉంటుంది, అది పుట్టుకతోనే రెటీనా కింది రంగు పొర కాస్త మందంగా ఏర్పడటం వల్ల వస్తుంది, ఒక్కటే ఉంటే దానితో సాధారణంగా ఏ ఇబ్బందీ లేదు. రెండు కళ్లలోనూ చాలా మచ్చలు విచిత్రమైన ఆకారాల్లో ఉంటే మాత్రం, ఇంట్లో పెద్దపేగు పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెలు), పేగు క్యాన్సర్ ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని డాక్టర్లు అడుగుతారు, ఎందుకంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక పేగు జబ్బుతో దానికి సంబంధం ఉంది. ఇక కంటి తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు చుట్టూ లేత గోధుమ రంగు మరకలు రెండు కళ్లలోనూ ఉండటం మన చర్మం రంగు వాళ్లలో చాలా మామూలు. మా అత్తయ్యకి చిన్నప్పటినుంచీ ఉన్నాయి, ఆవిడ అవి కాటుక వల్ల వచ్చాయనుకునేది. ఒకే కంట్లో కొత్తగా వచ్చిన మరకగానీ, పెరుగుతున్నదిగానీ అయితే చూపించుకోవాలి. కొందరికి ఒక కంటి చుట్టూ చర్మం మీదా, తెల్లగుడ్డు మీదా నీలం బూడిద రంగు ఉంటుంది, ఓటా నీవస్ అంటారు, ఆసియావాళ్లలో ఎక్కువే. అలాంటివాళ్లు ఏ బాధా లేకపోయినా ఏటా చుక్కలు వేయించుకుని కంటి వెనక భాగం, కంటి ప్రెషర్ చూపించుకోవడం అవసరం, ఎందుకంటే వాళ్లకి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), మెలనోమా రెండిటి ప్రమాదమూ మిగతావాళ్లకంటే ఎక్కువ.

డబ్బుల విషయం. కన్సల్టేషన్, మూడు పరీక్షలు అన్నీ కలిపి మూడు వేల చిల్లర అయింది. మా ఇంటి బడ్జెట్‌కి అది తక్కువేమీ కాదు. కానీ ఏ పరీక్ష ఎందుకో ముందే చెప్పారు, బిల్లులో విడివిడిగా వేశారు, అల్ట్రాసౌండ్ ప్రతిసారీ అక్కర్లేదు, తర్వాతి విజిట్‌కి ఫోటో, ఓసీటీ చాలన్నారు. అక్కర్లేని పరీక్ష రాయకపోవడం కూడా ఒక సర్వీసే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అవ్వలేదు, ఓపీ ఖర్చులకి మా పాలసీలో కవరేజీ లేదు, మీ పాలసీ చూసుకోండి.

రెండో ఫిర్యాదు రిపోర్టు గురించి. ఫోటోని మామూలు కాగితం మీద ప్రింటు తీసి ఫైల్లో పెట్టి ఇచ్చారు. ఆ ప్రింటులో నా మచ్చ ఒక నల్ల సిరా చుక్కలా ఉంది, అంచు లేదు, మీద ఉన్న పసుపు చుక్కలు లేవు. రేపు ఊరు మారితే ఆ కాగితం చూసి ఏ డాక్టరూ ఏమీ పోల్చలేరు. సాఫ్ట్ కాపీ కావాలని అడిగితే కౌంటరులో అబ్బాయి మొదట "ఇవ్వమండి" అన్నాడు, డాక్టరుగారికి చెబితే ఆవిడే ఇప్పించారు, ఈమెయిల్‌కి ఒరిజినల్ ఫోటోలు, ఓసీటీ వచ్చాయి. అడగకుండానే ఇవ్వాల్సిన వస్తువు అది. ఈ జబ్బు కాని జబ్బుకి వైద్యం మొత్తం ఆ ఫోటోలోనే ఉంది, అది రోగి చేతిలో లేకపోతే ఎలా? మీరు ఎక్కడ చూపించుకున్నా బయటికి వచ్చేముందు ఒరిజినల్ ఫోటో అడిగి తీసుకోండి, దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే క్వాలిటీ తగ్గిపోతుంది. రిపోర్టులో మచ్చ వెడల్పు, మందం, నరం మొదలయ్యే చోటు నుంచి ఎంత దూరం, నీరు ఉందా లేదా, నారింజ రంగు ఉందా లేదా అన్నవి రాశారో లేదో చూసుకోండి. నా రిపోర్టులో మందం రాయడం మర్చిపోతే అక్కడే నిలబడి రాయించుకున్నాను.

ఎక్కడికి వెళ్లాలో తెలియక తికమకపడేవాళ్లకి ఒక మాట. మామూలు కంటి డాక్టరు అయినా చుక్కలు వేసి చూడగలరు, అనుమానం ఉంటే రెటీనా డాక్టరు దగ్గరికి పంపుతారు, అక్కడా అనుమానం తీరకపోతే కంటి క్యాన్సర్లు చూసే విభాగం ఉంటుంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 1987 నుంచి నడుస్తున్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అలాంటి విభాగం ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఆ సంస్థకి విశాఖపట్నంలోనూ, విజయవాడ దగ్గర తాడిగడపలోనూ క్యాంపస్‌లున్నాయి, డబ్బు కట్టలేనివాళ్లకి ఉచితంగా చూడటం మొదటినుంచీ వాళ్ల పద్ధతి. ప్రభుత్వాసుపత్రి కావాలంటే హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. నెల్లూరు, తిరుపతి వైపువాళ్లకి చెన్నై దగ్గర, అక్కడి శంకర నేత్రాలయ పేరు తెలియనివాళ్లు ఉండరు. అమెరికాలో ఉండే మన పిల్లలకి ఈ మచ్చ ఇంకా తరచుగా బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ ఏటా కళ్లజోడు పరీక్షలోనే రెటీనా ఫోటో తీయడం మామూలైపోయింది. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి కూడా నాలాగే చెప్పారట, ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నా రిపోర్టు పంపి, ఆ కొలతలు ఏవేవి అడగాలో రాసి పెట్టాను. వాళ్ల డాక్టరు కూడా దాదాపు ఇవే అంకెలు చూసి ఏడాదికి రమ్మన్నారట.

డైలేషన్ గురించి ఇంకొంచెం. చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ. దూరం కాస్త పరవాలేదు, దగ్గరిది అసలు కనబడదు, ఫోన్లో యూపీఐ పిన్ కొట్టడం కూడా కష్టమే, బిల్లు వదిన కట్టింది. ఎండాకాలం మధ్యాహ్నం బెంజిసర్కిల్ దగ్గర ఆ కళ్లతో నిలబడితే తెలుస్తుంది నల్ల కళ్లద్దాలు ఎందుకు తెచ్చుకోమన్నారో. వీలైతే సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ రోజు బండి వద్దు, వంటగదిలో కత్తి పని కూడా పెట్టుకోకండి. గ్లకోమా ఉన్నవాళ్లు, గర్భిణులు చుక్కలు వెయ్యకముందే చెప్పాలి.

షాపులో తీసే చుక్కల్లేని ఫోటో చాలదా అని మా స్కూల్లో టీచర్లు అడిగారు. చాలదు. పాప చిన్నగా ఉన్నప్పుడు తీసే ఫోటోలో మధ్య భాగమే బాగా వస్తుంది, అంచులు వదిలేస్తుంది, ఎత్తు తెలియదు, నీరు చేరిందో లేదో తెలియదు. కానీ అసలు ఏ ఫోటో లేకపోవడం కంటే అది మేలు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లకి. నిజానికి షుగరున్న ప్రతివాళ్లూ ఏటా చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి, మచ్చ కోసం కాదు, షుగరు వల్ల రెటీనాలో జరిగే రక్తస్రావం కోసం. అది ఈ మచ్చ కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది చూపు తీస్తోంది. క్లినిక్‌లో నా పక్క కుర్చీలో కూర్చున్న తెనాలి పెద్దాయనకి అదే సమస్య, ఆలస్యంగా వచ్చానని ఆయనే చెప్పుకుని బాధపడ్డారు. నాకు ఏమీ కాదని చెప్పి పంపిన అదే రోజు ఆయనకి లేజర్ చేశారు. ఆ రోజు నుంచీ మా నాన్నని వెంటబడి తీసుకెళ్తున్నాను.

ఆరు నెలల తర్వాతి విజిట్ కూడా అయింది. ముందు రోజు మెసేజ్ వచ్చింది, ఫైలు తీసి పెట్టి ఉంచారు, అదే టెక్నీషియన్ అదే మెషిన్ మీద ఫోటో తీసింది. డాక్టరుగారు పాత ఫోటో ఎడమ పక్కన, కొత్తది కుడి పక్కన పెట్టి, మచ్చ పక్కనే వెళ్లే సన్నటి రక్తనాళం ఒకటి ఎంచుకుని, "ఈ నాళం వంపు చూడు, అప్పుడు మచ్చ అంచు ఇక్కడే ఆగింది, ఇప్పుడూ ఇక్కడే" అని నా చేతే చూపించారు. నాళాలని గుర్తులుగా పెట్టుకుని పోల్చడం అంత సులువని నేను అనుకోలేదు, ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లో నేనే రెండు ఫోటోలూ తెరిచి చూసుకోగలను. ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు. ఈసారి ఫోటో, ఓసీటీ మాత్రమే కాబట్టి ఖర్చు సగమే అయింది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ క్లినిక్‌లో ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ ఫీజు మళ్లీ కట్టాలి, కాబట్టి గడువు పూర్తవడానికి ఒక వారం ముందే అపాయింట్‌మెంట్ పెట్టించుకోవడం మంచిది. శనివారాలు మాత్రం వద్దు, జనం విపరీతంగా ఉంటారు.